ఒక తట్ట మన్నుకు గేటు పాసు

మట్టిని కూడా పార్సిలులో తెప్పించుకుంటారని నాకు హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన రెండో ఏట తెలిసింది. నా పక్క కుర్చీలో పనిచేసే సహోద్యోగిని ఒక మధ్యాహ్నం అట్టపెట్టె విప్పి, అందులోంచి ఐదు కిలోల సంచి తీసి బల్ల మీద పెట్టింది. సంచి మీద నిగనిగలాడే ఆకు బొమ్మ. దాని కింద, లోపలున్నది నూరు శాతం సేంద్రియమైన కుండీల మట్టి అని పెద్ద అక్షరాలతో హామీ. ఆమె కొత్తగూడలో తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. బాల్కనీలో పుదీనా, టమాటా పెంచుకోవాలని ఆమె కోరిక. కోరికలో తప్పు లేదు. కానీ ఆ సంచి వెల, మా అమ్మ ఒక రోజంతా ఊడ్చి తుడిస్తే వచ్చే కూలికి సమానం. అంత పెట్టి కొన్నవాటిలో అది మూడో సంచి. మొదటి రెండింటిలో నాటినవన్నీ చచ్చిపోయాయట.

"నా చేతికే మొక్కలు రావేమో" అని ఆమె నవ్వింది.

లోపం చేతిదో, సంచిదో తేల్చగల మనిషి మా ఇంట్లో ఉన్నాడు. అందుకని ఖాళీ అయిన నా టిఫిన్ డబ్బాలో ఆ మట్టి రెండు గుప్పెళ్ళు పోయించుకుని నార్సింగి తీసుకువెళ్ళాను.

నార్సింగి పాత ఊళ్ళో, మూలమలుపు సందులో, రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా నాయిన అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. డబ్బా మూత తీసి చూపించాను.

"ఏడిది?" అన్నాడు.

"మా ఆఫీసుల ఒకామె కొన్నది నాయినా."

"కొన్నదా? మన్నా?"

లోపల బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే అందుకుంది. "నువ్వు ఇన్నేండ్లు లారీల కొద్ది మన్ను ఎత్తిపోసి, ఉత్త చేతులతోని ఇంటికొస్తివి. సంచుల్ల నింపి ఆకుబొమ్మ అతికిస్తే ఈపాటికి బంగ్ల కడుతుంటిమి."

మా నాయిన డబ్బాలోని పదార్థాన్ని కాస్త తడిపి పిడికిలిలో బిగించి, తెరిచాడు. అది ముద్ద కాలేదు. పిండిన స్పంజిలా నెమ్మదిగా మళ్ళీ ఉబ్బింది. ఒక నలుసు తీసి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేశాడు.

"కొబ్బరి పొట్టు. కడగను గూడ కడగలే. ఉప్పు గట్లనే ఉన్నది. గీ ఉప్పుల ఏ చెట్టు బతుకుతది బిడ్డా? ఆమె చేతికి ఫికర్ చెయ్యద్దని చెప్పు."

మా వంశంలో కళాశాల గడప ఎక్కిన మొదటి మనిషిని నేను. పట్టా ఉన్నవాళ్ళు ఆకు బొమ్మ చూసి మూడుసార్లు మోసపోయిన విషయాన్ని, అక్షరం రాని మనిషి నాలుకతో క్షణంలో తేల్చేశాడు. ఆ రోజు నాకు గర్వం మాత్రమే కలిగింది. కోపం రావడానికి ఇంకొంత కాలం పట్టింది.

మా నాయిన పాలమూరు జిల్లా నుంచి మట్టిపనికి వచ్చినవాడు. మేము పనిచేసే గాజు భవనాల కింద కార్లు నిలిపే సెల్లార్లు ఉంటాయి. యంత్రాలు వాటి కడుపు తవ్వితే, యంత్రం తిరగలేని మూలలు మనుషులు తవ్వుతారు. అలాంటి మూలలు ఎన్ని తవ్వాడో ఆయనకే లెక్క తెలియదు. నడుము పట్టేశాక ఆ పని మానేసి, నార్సింగి దగ్గరే ఒక గేటెడ్ కాలనీలో తోటపనికి కుదిరాడు. ఆ తరువాత మా అమ్మ కూడా అక్కడే ఊడ్చే పనిలో చేరింది.

సెల్లార్ల దగ్గర చూసిన ఒక సంగతి ఆయన తరచూ చెప్పేవాడు. "పైన జానెడు మన్నే మన్ను బిడ్డా. దాని కిందున్నదంత మొరం, ఉత్త రాళ్ళ పొడి. దానికి ఎండ తెల్వదు, వాన తెల్వదు, మన్నుల పొర్లే ఎర్ర పురుగు తెల్వదు." యంత్రం మొదటి కాటుతోనే ఆ పై జానెడును ఎత్తి లారీలో వేస్తుంది. మొదట వెళ్ళిన లారీ మొదట దించుతుంది. దాని మీద వంద లారీల మొరం పడుతుంది. ఒకప్పుడు జొన్న పండిన నేల ఏ గుంతలోనో అడుగున పడి ఊపిరాడక చస్తుంది. ఆ తరువాత ఆ తవ్విన చోట లేచిన మేడల్లో కాపురముంటున్నవాళ్ళు, ఎక్కడి నుంచో వచ్చిన కొబ్బరి పొట్టును మట్టి అనుకుని కొంటారు. ఈ తతంగాన్ని అభివృద్ధి అని పిలవడం నేనూ బడిలో నేర్చుకున్నాను. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆయన చేరిన కాలనీలో కూడా పచ్చిక కింద పరిచింది సెల్లారు మొరమే. ఏది నాటినా పసుపెక్కి పోయేది. ఎవరూ చెప్పకుండానే మా నాయిన క్లబ్ హౌస్ వెనుక, జనరేటర్ గది పక్కనున్న మూలలో ఒక కుప్ప మొదలుపెట్టాడు. చెట్ల కింద రాలిన ఆకులను అంతకుముందు ట్రాక్టర్‌లో ఎక్కించి బయటికి పంపేవారు. వాటిని ఆపాడు. మా అమ్మ ఫ్లాట్ల గుమ్మాల నుంచి తెచ్చే తడి చెత్తలోంచి కూరగాయల తొక్కులు మాత్రం వేరు చేయించాడు. ఆ తొక్కుల కవరును గుమ్మం బయట పెట్టేటప్పుడు ఆ ఫ్లాట్లలోని మనుషులు దానిని రెండు వేళ్ళతో, ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకునేవారు. నేను పండుగ సెలవుల్లో అమ్మకు సాయంగా వెళ్ళి చూశాను కనుక చెబుతున్నాను.

తడి మీద పొడి, పొడి మీద తడి. ఇంతే ఆయన సూత్రం. తొక్కులు వేసిన ప్రతిసారీ వాటిని ఎండుటాకులతో కప్పేవాడు కనుక వాసన ఉండేది కాదు. వారానికొకసారి పారతో తిరగేసేవాడు. వేసవి దాటి వానలు వచ్చేసరికి కుప్ప మూడో వంతుకు కుంగి, టీ పొడి రంగుకు తిరిగేది. చెయ్యి లోపలికి దూర్చి వేడిగా ఉంటే ఇంకా కాలేదని, చల్లగా ఉంటే అయిందని అర్థం. ఆ ఎరువుతో ఆయన కలిపిన మట్టిలో, ఆ మొరం నేల మీద, మందారాలు పూశాయి. నివాసులు కుండీలు తెచ్చి నింపించుకునేవారు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ అడగలేదు. ఎలా కలపాలో అడిగినవాళ్ళకు అడిగినట్టు చెప్పేవాడు. చాలామంది రెండో మాట దాకా నిలబడేవారు కాదు.

ఇలా కొన్నేళ్ళు గడిచాక కాలనీకి కొత్త కమిటీ వచ్చింది. తోట పనిని ఒక ఏజెన్సీకి అప్పగించాలన్న ఆలోచన జరుగుతోందని మా అమ్మ విని వచ్చింది. మా నాయినకు అరవై దగ్గర పడుతోంది. మళ్ళీ మట్టి మోయలేడు. కాపలా పనికి రాత్రుళ్ళు నిలబడలేడు. ఈ తోట పోతే ఆయన చేతికి మరో పని లేదు. మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. నా జీతంతో ఇల్లు గడుస్తుంది, నిజమే. కానీ పని లేని మా నాయిన ఎలా ఉంటాడో నడుము పట్టేసిన సంవత్సరం చూశాను. గోడకు ఆనుకుని కూర్చునేవాడు, ఎవరైనా వస్తే లేచి నిలబడేవాడు, తప్పు చేసినవాడిలాగా.

నేను కమిటీ కార్యదర్శిని కలిశాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ. మాటలో మర్యాద ఉంది. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు.

"మీ నాన్నగారి పని మాకు తెలియదా అండి? మా వంటింటి కరివేపాకు ఆయన మట్టిలోదే. కానీ కమిటీలో అందరూ అడిగేది ఒకటే. పద్ధతి ఏమిటి, ప్రమాణం ఏమిటి? ఏజెన్సీవాళ్ళు కాగితాలు చూపిస్తున్నారు. మనవైపు ఏదైనా కాగితం మీద ఉంటే నేను మాట్లాడగలను కదండి."

కాగితం. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇతరులు చేసే పనిని గమనించి, మెట్లు మెట్లుగా రాసిపెట్టడమే నా ఉద్యోగం. రేషన్ కార్డులో పేరు తప్పు పడి నెలల తరబడి తిరిగిన ఇంట్లో, కుల ధ్రువీకరణ పత్రం కోసం మండల కార్యాలయం వరండాలో పగళ్ళు గడిపిన ఇంట్లో పెరిగాను. కాగితం ఉంటే మనిషికి రక్ష అని నేను నమ్మినంతగా, తరతరాలుగా కాగితాలున్న ఇళ్ళవాళ్ళు నమ్మరేమో. ఇది మాలాంటివాళ్ళు మాత్రమే చేసే తప్పు.

మూడు ఆదివారాలు ఆ మూల దగ్గర కూర్చున్నాను. సహోద్యోగిని దగ్గర వంటింటి త్రాసు అరువు తెచ్చాను.

"రెండు తట్టలు మన్ను. జల్లెడ పట్టింది. మొరం కాదు, పై మన్ను" అని ఆయన చెబుతుంటే రాసుకున్నాను. సిమెంటు పనిలో మోసే ఇనుప తట్టే ఆయన కొలత. "ఒక తట్ట ఈ కుప్పల ఎరువు. ఒక తట్ట పాత బర్రె పెండ. పచ్చి పెండ ఏస్తే వేడికి వేర్లు కాలుతయి, అది మొదలు రాయి. అర తట్ట కొబ్బరి పొట్టు. మూడు నీళ్ళు కడగాలె. నీళ్ళు ఎర్రగ పోయినన్ని సార్లు కడగాలె. పొట్టు దొరకకుంటె ఉసికె ఎయ్యి. ఆఖరుకు వేప పిండి, పిడికెడు."

"పిడికెడంటే ఎంత నాయినా?"

"పిడికెడంటే పిడికెడే."

"ఎవరి పిడికెడు? నా పిడికిలి చిన్నగుంటది గద."

"నువ్వు కలిపితే నీ పిడికెడు."

త్రాసు మీద ఐదుసార్లు వేయించాను. ఐదుసార్లూ ఐదు తూకాలు వచ్చాయి. ఎందుకని నిలదీస్తే, ఆకాశం వైపు చూశాడు. "ఇయ్యాల మబ్బు పట్టింది. జర తక్కువ పడ్డది." నేను ఐదింటికీ సగటు కట్టి గ్రాముల్లో రాశాను. చివరి పరీక్ష కూడా రాశాను: కలిపిన మట్టిని తడిపి పిడికిలిలో బిగిస్తే ముద్ద కావాలి, ఆ ముద్దను వేలితో పొడిస్తే విరిగిపోవాలి, పిడికిలి సందుల్లోంచి నీరు కారకూడదు. దాని పక్కన ఆయన పిడికిలి ఫోటో పెట్టాను. ఎప్పుడో ఇనుప చువ్వ పడి బొటనవేలి గోరు రెండుగా చీలి నల్లబడిన చెయ్యి అది.

ఆంగ్లంలో నాలుగు పుటలు. పట్టికలు, బాణపు గుర్తులు. ఆఫీసులో మేము వాడే నమూనాలోనే తయారుచేశాను. అందులో 'తయారుచేసినవారు' అన్న గడి ఉంటుంది. అలవాటు కొద్దీ నా పేరు రాశాను. 'సమాచార మూలం' అన్న గడిలో 'తోటమాలి' అని రాశాను. తండ్రి పేరు రాయాల్సిన చోట ఉద్యోగం పేరు రాసిన నా చేతిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

కార్యదర్శి ఆ పుటలు తిరగేసి ముచ్చటపడ్డారు. "ఎంత శుభ్రంగా రాశారండీ! ఇక నాకు వదిలేయండి" అన్నారు. నేను రంగు ప్రతి ఒకటి మా నాయినకు ఇచ్చాను. ఆయన తన చెయ్యి ఫోటోను గేటు దగ్గర కాపలావాళ్ళందరికీ చూపించి, ఇంటికి తెచ్చి రేకుపెట్టెలో రేషన్ కార్డు పక్కన దాచుకున్నాడు.

తరువాతి నెలలో ఒక శనివారం. నాకు సెలవు కనుక మా నాయినకు అన్నం తీసుకువెళ్ళాను. కుప్ప దగ్గర ఆయనతో పాటు, ఛాతీ మీద ముద్ర ఉన్న చొక్కా వేసుకున్న ఒకతను నిలబడి ఉన్నాడు. ఏజెన్సీ సూపర్‌వైజర్. చేతిలో నా నాలుగు పుటలున్నాయి. కాకపోతే ప్రతి పుట నెత్తి మీదా ఏజెన్సీ ముద్ర అచ్చయి ఉంది.

"కాకా, జర ఈ ఐదో పాయింట్ సమజ్ అయితలేదు. వేప పిండి గిన్ని గ్రాములని రాసిండ్రు. కుండీకా, తట్టకా?"

మా నాయిన చదవలేడు. కానీ పుటలో ఉన్న ఫోటోను గుర్తుపట్టాడు. తన చేతిని ఫోటో పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఇది నా చెయ్యే గద."

"గట్లనా? మాకైతే ఆఫీసోళ్ళు వాట్సాప్‌ల పంపిండ్రు కాకా. ఒకటో తారీకు నుంచి మేమే చూసుకోవాలె గద."

"ఏంది చూసుకునేది?"

"తోట." అతను నా వైపు, ఆయన వైపు చూశాడు. ముఖం మారిపోయింది. "నీకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మా నాయిన ఆ తరువాత చేసిన పనే నన్ను మండించింది. వంగి, గుప్పెడు మట్టి తీసి, ఆ మనిషి అరచేతిలో పెట్టాడు.

"తట్టకు" అన్నాడు. "గానీ మబ్బు పడితే తగ్గియ్యాలె. అది కాయిదంల రాయలే మా బిడ్డ."

మా ఆఫీసుల్లో 'కేటీ' అనే ఒక ఆచారం ఉంది. ఒక మనిషిని పని నుంచి తొలగించే ముందు, అతనికి తెలిసినదంతా కొన్ని వారాల పాటు మరొకరికి అప్పజెప్పించుకుంటారు. ఏ గుట్టూ అతని దగ్గర మిగలలేదని నిర్ధారించుకున్నాక మర్యాదగా పంపిస్తారు. అప్పగించేటప్పుడు అతను చిరునవ్వుతో ఉండాలి. అలాంటి వారాల్లో ఎదురుగా కూర్చుని రాసుకునే మనిషిని నేనే. ఎందరివో రాశాను. వాళ్ళ గొంతు ఎక్కడ తడబడుతుందో నాకు తెలుసు. అదే పనిని, అదే నమూనాలో, మూడు ఆదివారాలు నా కన్నతండ్రికి చేశానని ఆ కుప్ప దగ్గర, అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు నాకు తెలిసింది.

నేరుగా క్లబ్ హౌస్‌కు నడిచాను. కార్యదర్శి ఉన్నారు.

"మీరు ఆ పత్రాన్ని ఏజెన్సీకి ఎందుకు ఇచ్చారు?"

"అయ్యో, మీరే కదండీ ఇచ్చారు! కాలనీకి ఉపయోగపడాలనే కదా?" ఆవిడ గొంతులో కపటం లేదు. అదే నాకు మరీ దుర్భరమనిపించింది. "చూడండి, మీ నాన్నగారిని వాళ్ళలోనే చేర్చుకోమని నేనే అడిగాను. యాభై ఐదు దాటినవాళ్ళను తీసుకోరటండి. నిబంధనట. నేనేం చెయ్యను చెప్పండి?"

"అయితే ఆ కుప్ప మాకివ్వండి. దానిని మా నాయిన చేశాడు. ఆయనకు ఇంకెక్కడైనా పనికొస్తుంది."

"కుప్ప ఎలా ఇస్తామండి? ఆకులు కాలనీ చెట్లవి, తడి చెత్త కాలనీ ఇళ్ళది. మరి అది కాలనీ ఆస్తే కదా. ఒప్పందంలో కూడా రాసేశాం."

నేను చదువుకున్నది వాణిజ్యశాస్త్రం. ఆస్తి అంటే ఏమిటో పుస్తకంలో చదివాను. గుమ్మం బయట ముఖం తిప్పుకుని వదిలేసినప్పుడు అవి తొక్కులు. మా అమ్మ చేతి తొడుగు కూడా లేకుండా ఏరినప్పుడు అవి తొక్కులు. ఈగలు ముసిరితే మా అమ్మను నిలబెట్టి తిట్టినప్పుడూ అవి తొక్కులే. మా నాయిన వాటిని నెలల తరబడి తిరగేసి, కప్పి, తడిపి, నల్లని ఎరువుగా మార్చిన తరువాత మాత్రమే అవి ఆస్తి అయ్యాయి. అయిన మరుక్షణం ఆయనవి కాకుండా పోయాయి. ఈ మాటలు ఆవిడతో అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ నొచ్చుకున్నారు. "మీరు చదువుకున్నవారు, ఇలా మాట్లాడతారనుకోలేదు" అన్నారు. చదువుకున్నవారు ఎలా మాట్లాడాలని ఆవిడ ఉద్దేశమో నేను అడగలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను చెప్పదలచుకున్నది చెప్పలేకపోయాను. మా నాయినే అన్నాడు.

"రాసినందుకు నీకు గింత రంజు, బాధ ఎందుకు? నేను గూడ అడిగినోళ్ళకు చెప్పిన్నే గద. మన్ను కలుపుడు దాచిపెట్టే విద్దెనా?"

"నిన్ను తీసేసిండ్రు నాయినా!"

"అవు. అది వేరే." గోటి సందులోని మట్టి తీసుకుంటూ అన్నాడు, "ఆ కుప్పల ఒక్క తట్ట ఇస్తే సాలు. పాలల్ల తోడేసినట్టు. ఒక్క తట్ట పాతది పడితే కొత్త కుప్ప ఊకెనే పండుతది. లేకుంటె మళ్ళ మొదటికెళ్ళి."

చివరి రోజు సాయంకాలం ఆయనను తీసుకురావడానికి ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరాను. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన పాత సిమెంటు సంచిలో ఒక తట్టెడు ఎరువు. లోపల పనిచేసేవాళ్ళు బయటికి పోయేటప్పుడు సంచులు విప్పి చూపించాలన్నది ఆ కాలనీ నియమం. నివాసుల సంచులకు ఆ నియమం లేదు. కాపలాదారు మా నాయిన ఈడువాడే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే సెల్లారులో మట్టి మోశారు.

"అన్నా, ఏమనుకోకు. జర సంచి జూపియ్యాలె. నెత్తి మీద కెమెరా ఉన్నది" అన్నాడు ఆయన.

"మన్నే తమ్మీ."

"మన్నే అని నాకు తెల్వదా? గానీ ఏ వస్తువు బయటికి పోయినా గేటు పాసు ఉండాలె. మన్నుకు ఉండాల్నో వద్దో నాకెవరూ చెప్పలే." లోపలికి ఫోను చేసి కనుక్కున్నాడు. ఉండాలన్నారు. ఆయన తల దించుకున్నాడు. "నా నౌకరికి వస్తదన్నా."

"పరేషాన్ గాకు. ఈడనే పారబోసి పోత" అని మా నాయిన సంచి మూతి విప్పబోయాడు.

నేను సంచి మీద చెయ్యి వేశాను. గేటు పాసుల పుస్తకం అడిగి తీసుకున్నాను. అందులో నాలుగు గడులు: వస్తువు, పరిమాణం, యజమాని, సంతకం. ఈసారి ఆంగ్లంలో రాయలేదు. వస్తువు: ఎరువు మన్ను. పరిమాణం: ఒక తట్ట. యజమాని అన్న గడిలో మా నాయిన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా రాశాను. సంతకం కోసం కార్యదర్శి దగ్గరికి నడిచాను. ఆవిడ నడక కోసం బూట్లు వేసుకుని బయటికి వస్తున్నారు.

"మట్టికి కూడా గేటు పాసా అండీ! ఈ సెక్యూరిటీవాళ్ళు మరీను" అని నవ్వి కలం తీసుకున్నారు. మూడో గడి దగ్గర ఆగారు. "యజమాని అని వద్దండి. వస్తువు దగ్గర 'చెత్త' అని రాసేయండి. చెత్తకు పాసే అక్కర్లేదు, హాయిగా తీసుకుపోవచ్చు."

"చెత్త అయితే కుప్ప మొత్తం తీసుకుపోతామండి. బండి పిలుస్తాను. ఆస్తి అయితే ఇలాగే సంతకం పెట్టండి. రెండింటిలో ఏదో ఒకటి మీరే చెప్పండి."

ఆవిడ నా ముఖం వైపు, గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడిన మనిషి వైపు చూశారు. నడకకు వచ్చిన ఇద్దరు నివాసులు ఆగి వింటున్నారు. వాళ్ళలో ఒకరి బాల్కనీ నిండా మా నాయిన నింపిన కుండీలే. ఆ నివాసి చేతిలోని సెల్‌ఫోనులోకి చూసుకున్నారు. కార్యదర్శి సంతకం పెట్టారు. 'ధన్యవాదాలు' అనే అలవాటు నా నోటి దాకా వచ్చింది. దానిని మింగేశాను.

కాపలాదారు పాసు చూసి, గేటు పూర్తిగా తెరిచాడు. పనివాళ్ళకు చిన్న తలుపు మాత్రమే తెరవాలి. పెద్ద గేటు కార్లకు. "పో అన్నా" అన్నాడు.

మా ఇంటి యజమానిని అడిగి మిద్దె మీద ఒక మూల తీసుకున్నాము. కొత్తగా వెలుస్తున్న అపార్టుమెంట్ల ముందు ఊడ్చిపోసిన ఆకులు, పాత ఊరి పాలవాళ్ళ కొట్టంలోని పెండ, మా సందులోని ఇళ్ళ తొక్కులు చేర్చి, వాటి నడుమ ఆ ఒక్క తట్టను పోశాడు మా నాయిన. మా అమ్మ మాత్రం ఇంకా ఆ కాలనీలోనే ఊడుస్తోంది. క్లబ్ హౌస్ వెనుక మూలలో ఏజెన్సీవాళ్ళు బోర్డు పెట్టారట. దాని మీద పిడికిలి ఫోటో ఉందట. "దినాం పొద్దుగాల మీ నాయిన చెయ్యి కింద ఊడ్వాలె. ఇంట్ల తప్పదు, ఆడ తప్పదు" అని మా నాయినను ఎత్తిపొడుస్తుంది. ఆ ఫోటో తీసేయమని నేను రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. మూడోది రాస్తాను.

ఈ వ్యాసంలో కొలతలన్నీ మళ్ళీ ఎందుకు రాసిచ్చావని ఎవరైనా అడగవచ్చు. మా నాయిననే అడిగి ఇచ్చాను. "రాయి" అన్నాడు. "సంచులు కొని మోసపోయేటోళ్ళకు పనికొస్తది. గానీ ఎవరు చెప్పిండ్రో రాయి. చేతిల పట్టి చూస్తెనే తెలుస్తదని గూడ రాయి." ఆయన పేరు రాయడానికి ఆయనే ఒప్పుకోలేదు, "ఆడ మిగిలిన నౌకరి మీ అమ్మది, అది గూడ పోతది" అని. కాబట్టి ఇంతవరకే రాస్తున్నాను: చెప్పినవాడు మా నాయిన.

మొన్న ఆదివారం కొత్తగూడ నుంచి నా సహోద్యోగిని వచ్చింది, రెండు ఖాళీ కుండీలు తీసుకుని. వేప పిండి ఎన్ని గ్రాములని నన్ను అడిగింది. నేను మా నాయిన వైపు చూశాను. ఆయన పారకు ఆనుకుని, నన్నే చెప్పమన్నట్టు తల ఊపాడు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందు కుప్పలోకి మోచేతి దాకా దూర్చాను. ఇంకా వేడిగానే ఉంది.

"కాలేదు" అన్నాను. "ఇంకో ఇరవై రోజులు ఆగాలె."

"ఇరవై అయిదు" అన్నాడు మా నాయిన.